గెత్తం వేసినా లింగన్‌బెర్రీ ఆకులు పసుపెక్కుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మాది బాగా చలి ఉండే ప్రాంతం. ఏటా మూడు నెలలు నేలంతా మంచు కప్పేస్తుంది. చలినీ నీడనీ తట్టుకుంటాయని విని ఇంటి గోడ వారగా, నీడలో ఆరు లింగన్‌బెర్రీ మొక్కలు (ఎర్రటి చిన్న కాయలు కాసే పొట్టి మొక్కలు) పెట్టాం. రెండేళ్లయింది. గెత్తం వేస్తున్నాం, రోజూ కుళాయి నీళ్లు పోస్తున్నాం. అయినా కొత్త ఆకులు ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో పసుపెక్కుతున్నాయి. కాయ ఒక్కటీ లేదు. ఇది చలి దెబ్బా, నీడ ఎక్కువైందా?

జవాబు: చలి దెబ్బ కాదు. మంచు కింద ఉంటే సున్నాకు దిగువన 40 డిగ్రీల చలినైనా ఓర్చుకునే మొక్క ఇది. నీడ సంగతి తర్వాత చెప్తాను. అసలు ఇబ్బంది మట్టిలో ఉంది. మీరు చెప్పినవి ఇనుము లోపం లక్షణాలు. చాలాసార్లు మట్టిలో ఇనుము ఉంటుంది, దాన్ని మొక్క అందుకోలేకపోతుంది.

లింగన్‌బెర్రీ బ్లూబెర్రీకి దగ్గరి చుట్టం. దీనికి ఆమ్ల నేల కావాలి. ఆమ్లగుణాన్ని కొలిచే ఉదజని సూచిక (pH) 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. గోడ వారన సిమెంటు, సున్నం వానకు కరిగి మట్టిలోకి దిగుతుంటాయి. కుళాయి నీళ్లు కఠిన జలమైతే అవీ తోడవుతాయి. ముందు మట్టి పరీక్ష చేయించండి. సూచిక 7 దగ్గర ఉంటే మీ టెన్షన్‌కు కారణం దొరికినట్టే.

ఇక గెత్తం. మీరు ప్రేమతోనే వేశారు, కానీ ఈ మొక్కకు అది కీడే చేస్తుంది. ఒక మొక్క మొదట్లో మట్టిని వేలితో మెల్లగా తొలగించి చూడండి. తలవెంట్రుకల్లాంటి సన్నటి వేళ్లు పైపైనే అల్లుకుని కనిపిస్తాయి. మిగతా మొక్కల వేళ్లకుండే నూగు వీటికి ఉండదు. ఆ పని వేళ్లలోనే కాపురముండే ఒక శిలీంద్రం చేసిపెడుతుంది. పైన్ చెట్ల కింద, రాలిన ఆకు చివికిన పేద నేలలో ఈ రెండూ కలిసి బతకడానికి అలవాటుపడ్డాయి. గెత్తంలోని లవణాలు ఆ సన్న వేళ్లను మాడుస్తాయి, నేల ఆమ్లగుణాన్నీ తగ్గిస్తాయి. నైట్రేటు ఎరువులు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడా వేయొద్దు. మరీ అవసరమైతే వసంతంలో మొక్కకు ఒక చిటికెడు అమ్మోనియం సల్ఫేట్ చాలు.

ఆ చోటును బాగుచేయడం కంటే మొక్కలను మార్చడమే మేలని నా అభిప్రాయం. గంధకం వేసి సూచిక తగ్గించవచ్చు గానీ దానికి నెలలు పడుతుంది, గోడ నుంచి సున్నం మళ్లీ దిగుతూనే ఉంటుంది. వసంతం మొదట్లో, కొత్త చిగురు రాకముందే, గోడకు కనీసం మీటరు దూరంలో ఒక అడుగు ఎత్తున మడి కట్టండి. సగం పీట్ మాస్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు), సగం ఇసుక కలిసిన మట్టి నింపి, అడుగు నుంచి అడుగున్నర ఎడంతో నాటండి. పైన రెండంగుళాలు పైన్ బెరడు పరవండి. కలుపు ఈ పొట్టి మొక్కను ఇట్టే మింగేస్తుంది. పారతో గీకితే వేళ్లు తెగుతాయి కాబట్టి కలుపును చేత్తోనే పీకండి. వాన నీళ్లు పట్టి పోయండి. మట్టి తేమగా ఉండాలి, నీరు నిలిస్తే మాత్రం వేరుకుళ్లు వస్తుంది. ఈలోగా లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. ఇది తాత్కాలిక ఉపశమనం మాత్రమే.

నీడలో ఈ మొక్క చావదు, కానీ చిక్కటి నీడలో కాపు పలచబడుతుంది. రోజులో సగం పూటైనా ఎండ తగిలే చోటు చూడండి. మొక్క మంచుకు నిలిచినా పువ్వు నిలవదు. పూత మీద రాత్రి గడ్డకట్టే చలి పడేలా ఉంటే పాత దుప్పటి కప్పండి. మంచు పొర లేని చలికాలంలో ఎండుగాలికి ఆకులు మాడతాయి, అప్పుడు పైన్ కొమ్మలు కప్పితే చాలు. ఆరూ ఒకే రకమైతే కొరల్లే, రెడ్ పెర్ల్ లాంటి వేరే రకం రెండు మొక్కలు పక్కన పెట్టండి. పరపరాగ సంపర్కం జరిగితే కాయలు పెద్దవిగా, ఎక్కువగా వస్తాయి. తుమ్మెదలు తిరిగే చోట పురుగుమందు కొట్టకండి.

పాత పసుపు ఆకులు మళ్లీ పచ్చబడకపోయినా దిగులు పడొద్దు. కొత్త మడిలో నాటాక వచ్చే చిగురును గమనించండి. ఆకు పైన ముదురుపచ్చగా మెరుస్తుంటే వేరు కుదురుకున్నట్టే.