ఊరు కదిలింది, రోడ్డు మిగిలింది

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మేం రోజూ తిరిగే లెబనాన్ రోడ్డుకి ఒకప్పటి ఊరి పేరు పెట్టారని విన్నాం. మా కాలిన్ కౌంటీలో ఇలా మాయమైన ఊళ్ళనీ, వాటి పోస్టాఫీసులనీ ఎలా వెతకాలి? మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకి కావాలి.

జవాబు: మీరు విన్నది నిజమే. ప్రెస్టన్ రోడ్డు దారిలో ఉన్న లెబనాన్‌కి 1860లో పోస్టాఫీసు వచ్చింది. 1902లో రైలుమార్గం వేసేటప్పుడు ఆవిరి ఇంజన్లకి నీళ్ళు పట్టే చోటు అక్కడ కుదరలేదు, ఊరు మరీ మిట్ట మీద ఉంది. దాంతో ఆ చోటుని పడమరగా నాలుగు మైళ్ళ దూరంలో, పల్లంలో పెట్టారు. లెబనాన్ వాళ్ళు దుంగల మీద ఇళ్ళని జరుపుకుంటూ అక్కడికే చేరారు. అదే మీ ఫ్రిస్కో. దానికి మొదట ఎమర్సన్ అని పేరు పెట్టబోతే, అలాంటి పేరున్న ఊరు టెక్సస్‌లో ఇంకొకటి ఉందని తపాలా శాఖ ఒప్పుకోలేదు. కాబట్టి జనం పిలిచిన పేరూ, పోస్టాఫీసు పేరూ ఒకటేనని ముందే అనుకోకండి.

మొదట చూడాల్సింది అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లోని పోస్టుమాస్టర్ల నియామకాల రిజిస్టరు, 1832–1971. మైక్రోఫిల్ము నంబరు ఎం-841. రాష్ట్రం, కౌంటీ, ఆ తర్వాత ఆఫీసు పేరు, ఈ వరుసలో ఉంటుంది. ఆఫీసు ఎత్తేసిన చోట 'ఇకపై ఉత్తరాలు ఫలానా ఆఫీసుకి' అన్న ముక్క కనిపిస్తే రాసి పెట్టుకోండి, పొరుగూరు ఏదో దాంతో తేలిపోతుంది. నియామకం తేదీని ఆఫీసు తెరిచిన తేదీగా తీసుకోవద్దు. మంజూరైనా అసలు తెరవని ఆఫీసులూ ఉన్నాయి. ఫ్రిస్కో రెండు కౌంటీల్లో ఉంది గనక డెంటన్ కౌంటీ పేజీలూ తిప్పాలి.

అసలు సరుకు అక్కడి ఇంకో మైక్రోఫిల్ము, ఎం-1126లో ఉంది: ఆఫీసు ఉన్న చోటు గురించి పోస్టుమాస్టరు స్వయంగా నింపిన ఫారాలు, 1837–1950. దగ్గరి నది ఏది, వాగు ఏది, ఎంత దూరం, ఏ ఒడ్డున? ఇరుపక్కల ఆఫీసులు ఎన్ని మైళ్ళు? రైలు స్టేషను ఎంత దూరం? చాలా ఫారాల్లో చేత్తో గీసిన చిన్న పటం కూడా ఉంటుంది. సెక్షన్, టౌన్‌షిప్ గళ్ళు ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి. భూమిని చదరాలుగా విడగొట్టే ఆ కొలత పద్ధతి టెక్సస్‌లో లేదు. ఇక్కడ భూమిని అబ్‌స్ట్రాక్ట్ నంబరుతో (మొదటి పట్టాకి కౌంటీలో ఇచ్చిన సంఖ్య), సర్వే పేరుతో గుర్తిస్తారు.

దూరాలు బాట వెంట లెక్కేసినవి. మూడు పొరుగు ఆఫీసుల నుంచి పాత టోపో పటం (ఎత్తుపల్లాలు, వాగులు, బాటలు చూపే పటం) మీద వృత్తాలు గీస్తే అవి ఒక్క బిందువులో కలవవు. ఆ ఆఫీసు వాటి లోపలే ఎక్కడో ఉంటుంది. ఒకే పేరుకి రెండు మూడు ఫారాలు దొరికితే అన్నీ చూడండి. పోస్టాఫీసు అంటే చాలాచోట్ల ఒకరి కొట్లో ఒక మూల, అంతే. పోస్టుమాస్టరు మారితే ఆఫీసూ కొత్తాయన కొట్టుకి పోయేది, ఒక్కోసారి మైళ్ళ దూరం.

ప్రశ్న: ఆఫీసు మూసిన ఏడాదే ఊరు పోయిందనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. 1896లో పల్లెలకి ఇంటింటికీ ఉత్తరాల బట్వాడా మొదలైంది. 1901లో దేశం మొత్తం మీద 76,945 పోస్టాఫీసులు ఉండేవి, అదే గరిష్ఠం. ఆ తర్వాత చిన్న ఆఫీసులు వేలల్లో మూతపడ్డాయి. చాలా ఊళ్ళు మాత్రం ఇంకా ఉన్నాయి. రిజిస్టరులో 1861 దగ్గర ఖాళీ కనిపిస్తే దాని సంగతి వేరు: టెక్సస్ అమెరికా నుంచి విడిపోయింది, ఆ మే నెలాఖరుకి అమెరికా తపాలా అక్కడ ఆగిపోయింది. ఊరు నిజంగా ఎప్పుడు ఖాళీ అయిందో తెలియాలంటే స్మశానంలో చివరి సమాధుల తేదీలు చూడండి, స్కూలు మూసిన ఏడాది కనుక్కోండి. 1860, 1870 జనాభా లెక్కల కాగితాల పైన 'పోస్టాఫీసు' అని ఒక గీత ఉంటుంది, దాన్నీ వదలొద్దు. 1890 లెక్కల కోసం మాత్రం టైము పెట్టకండి. 1921 అగ్నిప్రమాదం దెబ్బకి వాటిలో దాదాపు ఏమీ మిగల్లేదు.