మెయిల్, వీపీఎన్, పాస్‌వర్డ్‌లు అన్నీ ఒకే ప్రైవసీ కంపెనీలో పెట్టుకోవచ్చా?

గూగుల్ వదిలేసి మెయిల్, వీపీఎన్ (మన నెట్ వాడకం బయటివాళ్లకు కనబడకుండా చేసే సర్వీసు), డ్రైవ్, పాస్‌వర్డ్ మేనేజర్ అన్నీ ప్రోటాన్ లాంటి ఒకే కంపెనీ దగ్గర ఒకే ప్లాన్‌లో తీసుకుంటే చవగ్గా పడుతుంది కదా, ఇబ్బందేమైనా ఉందా అని అడిగారు. మెయిల్, వీపీఎన్ ఒకచోట ఉన్నా ఫర్వాలేదండీ. పాస్‌వర్డ్‌లు, లాగిన్‌కు యాప్ చూపించే ఓటీపీ కోడ్‌లు మాత్రం అక్కడ వద్దంటాను.

అనంతపురంలో షాపులకు, చిన్న ఆఫీసులకు కంప్యూటర్లు చూసిపెడుతుంటాను. కంపెనీవాళ్లు మన మెయిళ్లు చదువుతారేమో అని అందరూ అడుగుతారు. ఎన్‌క్రిప్షన్, అంటే మన తాళం లేకుండా ఎవరూ చదవలేకుండా చేయడం, సరిగ్గా ఉంటే ఆ భయం తక్కువే. నేను కళ్లారా చూసింది వేరే. ధర్మవరం పట్టుచీరలు అమ్మే ఒకాయన ఇలాంటి ప్రైవసీ కంపెనీ ఒకదానిలోనే అన్నీ పెట్టుకున్నాడు. ఉగాది ఆఫర్ అని కస్టమర్లందరికీ ఒకేసారి మెయిల్ పంపాడు. స్పామ్ అనుకుని వాళ్ల సిస్టమ్ ఖాతా ఆపేసింది. ఆగింది మెయిల్ ఒక్కటే అయితే రెండ్రోజులు ఓపిక పట్టేవాడు. జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్, వెబ్‌సైట్ లాగిన్, వాటి కోడ్‌లు, ఖాతా తిరిగి తెరుచుకోవడానికి రాసుకున్న రికవరీ కాగితం స్కాన్ కాపీతో సహా అన్నీ ఆ ఖాతాలోనే. బీరువా తాళాలు బీరువాలోనే పెట్టి మూసినట్టయింది. జీఎస్టీ పాస్‌వర్డ్ మార్చడానికైతే ఫోన్‌కు వచ్చే ఓటీపీ దిక్కయింది గానీ, వెబ్‌సైట్ వాళ్లు రీసెట్ లింకు పంపేది ఆ మూతపడిన మెయిల్‌కే. చివరికి ఖాతా తిరిగొచ్చిందిలెండి, కానీ పండగ బేరం పోయింది.

ఇంకో సంగతి. ఇలాంటి సర్వీసుల్లో పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేస్తే, రికవరీ ఫ్రేజ్ (ఖాతా తెరవడానికి కంపెనీ ముందే ఇచ్చే కొన్ని పదాల వరుస) లాంటిదేదీ లేకపోతే పాత మెయిళ్లు తెరుచుకోవు. కంపెనీ కూడా తెరవలేదు. అది లోపం కాదు, మనం డబ్బులిచ్చి కొనుక్కున్నదే అది.

కంపెనీయే లేకుండా పోవచ్చు కూడా. మెయిల్, క్యాలెండర్, డ్రైవ్ అన్నీ ఇచ్చిన స్కిఫ్ అనే ప్రైవసీ కంపెనీని 2024 ఫిబ్రవరిలో నోషన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసింది, అదే ఏడాది ఆగస్టులో మూసేశారు. అడ్రసు చివర స్కిఫ్ పేరున్నవాళ్లు బ్యాంకు దగ్గర్నుంచి అన్నిచోట్లా మెయిల్ మార్చుకోవాల్సి వచ్చింది. సొంత డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు మనదే) ఉన్నవాళ్లు సెట్టింగులు మార్చి ఇంకోచోటికి వెళ్లిపోయారు. కోర్టు, సర్కారు వైపు నుంచీ ఇబ్బంది రావచ్చు: 2025 ఏప్రిల్‌లో ప్రోటాన్ మెయిల్‌ను బ్లాక్ చేసే చర్యలు తీసుకోమని కర్ణాటక హైకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అలాంటిది అమలైతే దెబ్బ దేశమంతటికీ. 2022లో వాడకందారుల వివరాలు 5 ఏళ్లు నిల్వ ఉంచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ అన్నప్పుడు ప్రోటాన్‌తో పాటు చాలా వీపీఎన్ కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి.

కాబట్టి డబ్బు పెడితే ముందు డొమైన్ మీద పెట్టండి. ఆ డొమైన్ లాగిన్‌కు మాత్రం అదే డొమైన్ మెయిల్ ఇవ్వకండి, పాత జీమెయిల్ ఇవ్వండి (అవును, గూగులే!). పాస్‌వర్డ్‌లకు బిట్‌వార్డెన్ అనే విడి పాస్‌వర్డ్ మేనేజర్, లేదంటే ఫైలు మన దగ్గరే ఉండే కీపాస్. కోడ్‌లకు ఏజిస్ లాంటి విడి యాప్, దాని బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో. రికవరీ ఫ్రేజ్ కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో ఉంచండి. వీపీఎన్ ఎవరిదైనా సరే, అది పోతే పోయేదేమీ లేదు.

ప్లాన్ కొనే ముందు ఒక ఆదివారం ఇంట్లో ఎవరిదైనా ఫోన్ తీసుకుని, మీ ఫోన్ ముట్టకుండా అన్నిట్లోకీ లాగిన్ అయి చూడండి. ఎక్కడ ఆగిపోతారో దాన్ని ముందు విడదీయండి.