బి.డి. చదివి కౌన్సెలింగ్‌లోకి వెళ్తానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీకామ్ ఫైనలియర్ చదువుతోంది. క్యాంపస్‌లో హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం వచ్చింది. తను మాత్రం బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, క్రైస్తవ వేదాంత డిగ్రీ) చదివి, పాస్టోరల్ కౌన్సెలింగ్‌లో, అంటే సంఘం తరఫున కష్టాల్లో ఉన్నవాళ్ల మాట విని ధైర్యం చెప్పే పనిలో స్థిరపడతానంటోంది. మేం సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘస్థులం. నేను స్టాఫ్ నర్సుని, మావారు లేరు. కాదంటే దేవుని పనికి అడ్డుపడినదాన్ని అవుతానేమోనని భయం. సరేనంటే పిల్ల జీవితం ఏమైపోతుందోనని టెన్షన్. చుట్టాలంతా ‘ప్యాకేజీ ఎంత?’ అని అడిగే ఈ రోజుల్లో ఈ చదువు తిండి పెడుతుందా?
– ఒక తల్లి, మచిలీపట్నం

జవాబు: అమ్మా, ముందు తిండి సంగతే మాట్లాడుకుందాం. అది అడగడం విశ్వాసం తక్కువై కాదు. ఒంటరిగా పిల్లను పెంచుకొచ్చిన తల్లి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

తిండి పెడుతుంది. కాకపోతే ఒక్క బి.డి. పట్టానే నమ్ముకుంటే ఇబ్బంది పడాల్సి వస్తుంది. డయాసిస్‌లో (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) ప్రెస్‌బిటర్, అంటే పాస్టర్ అయితే జీతం ఉంటుంది, ఉండటానికి ఇల్లు ఇస్తారు, కొన్నేళ్లకోసారి బదిలీ చేస్తారు. ఆ జీతాన్ని కార్పొరేట్ ప్యాకేజీ పక్కన పెట్టి చూడొద్దు. స్వతంత్ర సంఘాల్లో అయితే జీతం అనే మాటే చాలాచోట్ల వినపడదు. ఆదివారం కానుకల సంచిలో పడినదాంతోనే నెలంతా ఇల్లు గడవాలి.

నా ఆందోళన మాత్రం డబ్బు తక్కువని కాదు, ఆ డబ్బు ఎవరి చేతిలోంచి వస్తుందన్నదాని గురించి. ఒక ఊరి సంఘాన్ని ఊహించుకోండి. గుడి స్లాబుకి సగం ఖర్చు పెట్టుకున్న కాంట్రాక్టరు ముందు వరసలో కూర్చుంటాడు. ఆయన భార్య ఒక సాయంత్రం పాస్టరమ్మ దగ్గరికొచ్చి, జాకెట్ చెయ్యి పైకి జరిపి కమిలిన చోటు చూపించింది. ఇప్పుడు పాస్టరమ్మ ఏం చెప్పాలి? చదివిన పుస్తకాలన్నీ ‘ముందు ఆమె ప్రాణానికి రక్షణ చూడు’ అంటాయి. ఇంటద్దె మాత్రం ‘ఓర్చుకోమ్మా, ప్రార్థన చేద్దాం’ అనిపిస్తుంది. కౌన్సెలింగ్ చేసే మనిషి బతుకుతెరువు ఎదుటివాళ్ల కానుక మీద ఉంటే నిజం గొంతు దాటదు. అందుకే మీ అమ్మాయికి నా సలహా ఒక్కటే: సొంత కాళ్ల మీద నిలబెట్టే చదువు ముందు, వేదాంతం తర్వాత. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో ఉండి డేరాలు కుట్టుకుంటూనే కదా బోధించాడు.

అలాగని పరిచర్య ఉచితంగా చెయ్యాలని నేననడం లేదు. పనివాడు జీతానికి పాత్రుడే. కాపరి కుటుంబాన్ని పస్తులుంచి ‘దేవుడు చూసుకుంటాడు’ అనే సంఘాల పద్ధతి నాకు ఎంతమాత్రం నచ్చదు.

ఇక మీ అమ్మాయి ఎంచుకున్న పని విలువ గురించి. ఈ రోజుల్లో పాస్టర్ల గుమ్మం ఎక్కేవాళ్లను చూడండి. లోన్ యాప్‌లో అప్పు చేసి, ఫోన్ మోగితేనే వణికిపోయే కుర్రాడు వస్తాడు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ర్యాంకు పడిపోయిన ఇంటర్ పిల్లను తీసుకుని తల్లి వస్తుంది. పిల్లలు అమెరికాలో, మోకాళ్ల నొప్పులతో తాము ఇక్కడ అన్న పెద్దవాళ్లు వస్తారు. సైకాలజిస్టు ఫీజు వీళ్లలో చాలామందికి ఒక రోజు కూలి కంటే ఎక్కువ. ఫీజు కట్టగలిగిన వాళ్లలో కూడా ‘పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లారట’ అనే మాటకు భయపడేవాళ్లున్నారు. పాస్టర్ దగ్గరికి వెళ్తే ఆ మాట రాదు. అంత నమ్మకంతో వచ్చిన మనిషికి ఎదురుగా శిక్షణ పొందినవాళ్లు కూర్చుని ఉండటం చాలా అవసరం.

ఇదే బాధను సరుకుగా మార్చేవాళ్లూ ఉన్నారు. ‘విత్తనం వెయ్యి, నూరంతలు కోస్తావు’ అని అప్పుల్లో ఉన్నవాడి దగ్గరే కానుక తీసుకుంటారు. ఫలించకపోతే నీ విశ్వాసంలోనే లోపం అంటారు. వచ్చినవాడు అప్పుతో పాటు అపరాధభావం కూడా మోసుకుని ఇంటికెళ్తాడు. మార్కెట్ కూడా ఓడినవాడితో ‘నీ కష్టం చాల్లేదు’ అనే అంటుంది. ఆ మాటనే దేవుడి పేరుతో చెప్పడం నాకు బాధగా ఉంటుంది. మంచి వేదాంత విద్య ఇక్కడే అక్కరకొస్తుంది. 1980ల నుంచి మన దేశంలో రూపుదిద్దుకున్న దళిత వేదాంతాన్ని మీ అమ్మాయి శ్రద్ధగా చదవాలి. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది పూర్వీకులు మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. ఒక కౌలు రైతు కుమిలిపోతుంటే ఆ బాధ మనసులోనే పుట్టిందా, కులం, అప్పు, పంట ధర కూడా అందులో ఉన్నాయా అని అడగడం ఆ చదువు నేర్పుతుంది. అది తెలియని కౌన్సెలర్ ఎంత మెత్తగా మాట్లాడినా తప్పు మొత్తాన్ని బాధపడేవాడి మీదే వేస్తుంది.

ఈ పని ఎలా నేర్పిస్తారో కూడా చెప్తాను, నర్సుగా మీకు ఇట్టే అర్థమవుతుంది. అమెరికాలో ఆంటన్ బాయిసన్ అనే పాదిరి తానే మానసిక వ్యాధితో ఆసుపత్రిలో ఉండి బయటికొచ్చాడు. 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్‌కి కొందరు వేదాంత విద్యార్థులను తీసుకెళ్లి, పుస్తకాలతో పాటు రోగుల జీవితాలనూ చదవమన్నాడు. క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్, పొట్టిగా సీపీఈ, అలా మొదలైంది. ఇందులో విద్యార్థి వార్డులో రోగితో మాట్లాడి వచ్చి, ఆ సంభాషణను గుర్తున్నంతవరకు మాట మాటా కాగితం మీద రాయాలి. దాన్ని వెర్బేటిమ్ అంటారు. తర్వాత గురువు, తోటి విద్యార్థులు కలిసి దాన్ని వరస వరసా పరీక్షిస్తారు.

ఉదాహరణకు షుగర్ వల్ల కాలు తీసేసిన ఒకాయన ‘ఈ అప్పు తీరేదాకా ఉంటే చాలమ్మా’ అన్నాడనుకోండి. విద్యార్థిని వెంటనే ‘దేవుడున్నాడు తాతగారూ, ప్రార్థన చేసుకుందాం’ అంది. గురువు ఆ వరస దగ్గర పెన్ను ఆపి అడుగుతారు: ‘ఆయన అప్పు గురించీ చావు గురించీ ఒకే మాటలో చెప్పాడు. నువ్వు రెండూ వదిలేసి ప్రార్థనలోకి వెళ్లిపోయావు. ఆ ప్రార్థన ఆయన కోసమా, నీ భయం తగ్గడం కోసమా?’ ఈ ప్రశ్నను తట్టుకుని, మర్నాడు మళ్లీ అదే మంచం దగ్గరికి వెళ్లి ‘అప్పు ఎంతుంది తాతగారూ?’ అని అడగగలిగిన పిల్లలే ఈ పనికి పనికొస్తారు. మన దగ్గర వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ)లో రోగులకు ఆత్మీయ ఆదరణ ఇచ్చే చాప్లిన్సీ విభాగం ఇలాంటి శిక్షణ ఇస్తుంది. బి.డి.లో చేరకముందే చిన్న కోర్సు ఏదైనా దొరుకుతుందేమో కనుక్కోండి. తనది పిలుపో, గుడిలో పాటలు పాడేటప్పుడు కలిగిన ఉత్సాహమో అక్కడ తనకే తేలిపోతుంది.

ఇక చదువుల సంగతి. మన ప్రధాన సంఘాలు గుర్తించే బి.డి. డిగ్రీని సెరాంపూర్ కాలేజీ సెనేట్ ఇస్తుంది. 1818లో మిషనరీ విలియం కేరీ, ఆయన సహచరులు బెంగాల్‌లోని సెరాంపూర్‌లో పెట్టిన కాలేజీ అది. ఆ ఊరు అప్పట్లో డెన్మార్క్ పాలనలో ఉండేది కాబట్టి 1827లో డెన్మార్క్ రాజు చార్టర్ ద్వారా డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. డిగ్రీ చేసినవాళ్లకు బి.డి. నాలుగేళ్లు. తెలుగువాళ్లకు దగ్గరలో ఉన్నది 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ. బెంగళూరులో 1910 నాటి యునైటెడ్ థియోలాజికల్ కాలేజీ ఉంది. తర్వాత కౌన్సెలింగ్ ప్రధానంగా ఎం.టిహెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ) రెండేళ్లు చెయ్యొచ్చు. ఊరికొక బైబిల్ కాలేజీ పుట్టుకొచ్చి, ఆరు నెలల్లో డాక్టరేట్ ఇస్తామనే ప్రకటనలు వస్తున్నాయి. వాటి జోలికి వెళ్లొద్దు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను. బి.డి., ఎం.టిహెచ్. రెండూ ఉన్నా మీ అమ్మాయి చట్టం దృష్టిలో క్లినికల్ సైకాలజిస్ట్ కాదు. ఆ పేరు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి. సీబీఎస్ఈ స్కూళ్లలో కౌన్సెలర్ ఉద్యోగానికి కూడా సాధారణంగా సైకాలజీ లేదా స్కూల్ కౌన్సెలింగ్ వైపు అర్హతలు అడుగుతారు. ‘సైకాలజీ దూరవిద్యలో చేసేస్తుందిలే’ అనుకోకండి. 2025 జూలై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూజీసీ ఆదేశించింది. రెగ్యులర్‌గా చదవాల్సిందే.

బీకామ్ చేసిన పిల్లకు నాకు కనిపించే మంచి దారి ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్). రెండేళ్లు, ఏ డిగ్రీ చేసినవాళ్లకైనా సాధారణంగా అవకాశం ఉంటుంది. అందులో మెడికల్ అండ్ సైకియాట్రిక్ సోషల్ వర్క్ స్పెషలైజేషన్ ఉన్న యూనివర్సిటీ చూసుకోండి. ఆసుపత్రులు, డీఅడిక్షన్ కేంద్రాలు, పాలియేటివ్ కేర్, స్వచ్ఛంద సంస్థలు దీన్ని చూసే ఉద్యోగమిస్తాయి. ఆ తర్వాత బి.డి. అప్పుడు మిషన్ ఆసుపత్రిలో చాప్లిన్‌గా వెళ్లినా, పాస్టరేటులో (ఒక పాస్టర్ చూసుకునే సంఘాల్లో) ఉన్నా, సంఘం పొమ్మన్న రోజున కూడా చేతిలో ఒక పని ఉంటుంది. విదేశాల మాట తను ఎత్తితే ఇది చెప్పండి: అమెరికాలో బోర్డు గుర్తింపు పొందిన చాప్లిన్ కావాలంటే వేదాంతంలో పీజీ స్థాయి చదువు, సొంత సంఘం సిఫారసు, ఒక్కొక్కటి 400 గంటల చొప్పున 4 సీపీఈ యూనిట్లు కావాలి. అది ఇప్పుడు ఆలోచించాల్సిన విషయం కాదు.

చదువు ఎంత ఉన్నా తన హద్దు తనకు తెలియాలి. ఆత్మహత్య మాట ఎత్తిన మనిషిని, చెవిలో గొంతులు వినపడుతున్నాయన్న మనిషిని ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టి మందులు మాన్పించడం పాపమే. సైకియాట్రిస్టు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లాలి, తిరిగొచ్చాక మళ్లీ పక్కన కూర్చోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి పాస్టర్ ఫోన్‌లోనూ ఉండాలి. మీరు వార్డులో ఇలాంటి కేసులు చూసే ఉంటారు. ఈ విషయంలో మీ అమ్మాయికి మొదటి గురువు మీరే.

ఆడపిల్ల కదా అన్న సంకోచం మీ ఉత్తరంలో లేకపోయినా మనసులో ఉండొచ్చు. సీఎస్ఐలో స్త్రీలకు కూడా పాస్టర్లుగా అభిషేకం ఉంది. 2013లో నంద్యాల డయాసిస్‌కు బిషప్ అయిన ఎగ్గోని పుష్పలలిత గారు సీఎస్ఐలోనే మొదటి మహిళా బిషప్, మన తెలుగావిడ. దారి తెరిచే ఉంది, నున్నగా మాత్రం లేదు. స్త్రీ ప్రెస్‌బిటర్‌ని ఇవ్వమని పాస్టరేటు కమిటీలు అంత తేలిగ్గా అడగవు, పెళ్లి సంబంధాల్లో బదిలీల ప్రస్తావన వస్తుంది. అదే సమయంలో, మగ పాస్టర్‌కి చెప్పుకోలేని మాటలు ఎంతమంది ఆడవాళ్ల గుండెల్లో ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

పరీక్షలయ్యేలోపు రెండు పనులు చెయ్యండి. మీ ప్రెస్‌బిటర్ గారిని కలిసి, డయాసిస్ ఈ ఏడాది బి.డి. అభ్యర్థులను పంపుతుందా, స్పాన్సర్ చేస్తే ఎన్నేళ్లు అక్కడే పనిచెయ్యాలని షరతు పెడుతుంది, ఎం.ఎస్.డబ్ల్యూ. చేసి రెండేళ్ల తర్వాత వస్తే వయసు అడ్డొస్తుందా అన్నది రాతపూర్వకంగా అడగండి. రెండోది, ఆ హైదరాబాద్ ఉద్యోగాన్ని ఇప్పుడే కాదనకండి. ఎం.ఎస్.డబ్ల్యూ. సీటు ఈసారి రాకపోతే ఒక ఏడాది ఆ ఉద్యోగం చేసి, ఫీజుకి సరిపడా దాచుకోమనండి. టార్గెట్లు, అప్రైజళ్లు, లేఆఫ్ భయం మధ్య మనుషులు ఎలా బతుకుతున్నారో ఆ ఏడాదిలో దగ్గర్నుంచి చూస్తుంది. రేపు తన ఎదురుగా వచ్చి కూర్చునేది వాళ్లే.