పక్కన నిలబడే మనిషిని ముందు వెతుకు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. నీ ధారావాహికకు నటుల ఎంపిక గురించి నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. కథానాయకుడి పాత్రకు బోలెడన్ని ఫొటోలు జతచేశావు. అతని వెంట నడిచే దళానికి మాత్రం ‘గడ్డం ఉన్నవాళ్లు, ఎత్తు ఉండాలి’ అని ఒక్క వరుస రాసి వదిలేశావు. ఆ వరుస చూసి మనసు ఊరుకోక ఇది రాస్తున్నాను. కత్తులూ గుర్రాలూ ఉన్న ధారావాహికను జనం వారం వారం వదలకుండా చూసేది ఆ దళం కోసమే తల్లీ.

వీలు చేసుకుని ‘షార్ప్’ చూడు. బెర్నార్డ్ కార్న్‌వెల్ నవలల ఆధారంగా బ్రిటన్‌లో ఐటీవీ 1993 నుంచి 1997 దాకా ప్రసారం చేసిన 14 టెలీ చిత్రాలు అవి. నెపోలియన్ యుద్ధాల కాలం. మామూలు సిపాయి రిచర్డ్ షార్ప్, బ్రిటిష్ సేనాధిపతి వెల్లెస్లీ ప్రాణం కాపాడి అధికారి అవుతాడు. ఆకుపచ్చ కోట్లు తొడిగే 95వ రైఫిల్స్ దళంలో కొందరిని అతని చేతికి అప్పగిస్తారు. వాళ్లకు అతనంటే లెక్కలేదు. నిన్నటిదాకా మనతో పాటు మట్టిలో పడుకున్నవాడు, ఇవాళ మన మీద పెత్తనమా అన్న మంట వాళ్లది.

షార్ప్ పాత్రకు మొదట తీసుకున్నది నటుడు పాల్ మెక్‌గాన్‌ను. 1992లో క్రిమియాలో షూటింగ్ మొదలైన కొత్తలోనే ఫుట్‌బాల్ ఆడుతూ ఆయన మోకాలు దెబ్బతింది. ఆ స్థానంలోకి షాన్ బీన్ వచ్చాడు. నవలలో షార్ప్‌ది నల్లజుట్టు, పుట్టింది లండన్‌లో. బీన్‌ది లేతరంగు జుట్టు, సొంతూరు షెఫీల్డ్, మాటలో ఉత్తరాది యాస. వర్ణనతో పోల్చి చూస్తే అతను ఆడిషన్ గుమ్మం దాటేవాడు కాదు. తీరా తెర మీద చూశాక, తర్వాత నవలలు రాస్తున్నప్పుడు కార్న్‌వెల్‌కు బీన్ గొంతే వినిపించేదట. 1995లో వచ్చిన ఒక నవలను ఆయన బీన్‌కే అంకితమిచ్చాడు. కాబట్టి నీ రచయిత రాసిచ్చిన కళ్ల రంగూ ముక్కుతీరూ పక్కన పెట్టు. ఆ మనిషిలోని కసి ఎవరి నడకలో కనబడుతుందో చూడు. ఇంకో మాట, షూటింగ్ అయ్యేదాకా మైదానం ఆటలు ఆడకూడదని ఒప్పందంలోనే రాయించు.

అసలు సంగతి హార్పర్ పాత్ర. ఐరిష్‌వాడు, భారీ మనిషి. మొదటి చిత్రంలో షార్ప్ మీద తిరుగుబాటుకు ముందు నిలిచేది అతనే. ఇద్దరూ ఒళ్లు హూనమయ్యేలా కొట్టుకుంటారు. ఆ తర్వాత షార్ప్ అతన్నే సార్జెంట్‌ను చేస్తాడు. ఆ పాత్రకు ఐర్లండ్‌లోని లిమరిక్ నుంచి వచ్చిన డారా ఓమాలీని తీసుకున్నారు. ఇంగ్లిష్ సైన్యంలో ఐరిష్‌వాడికి ఉండే రోషం గొంతులోనే పలకాలి కదా! బీన్ ఎదుట ఓమాలీ ఒక్క క్షణం కూడా ‘హీరో స్నేహితుడి’లా ఉండడు. ఆ సన్నివేశంలో ఎవరు గెలుస్తారో నిజంగానే తెలియదు. స్నేహితుడి పాత్రకు ఒదిగి ఉండేవాడిని, కామెడీ చేసి పక్కకు తప్పుకునేవాడిని తీసుకోవడం మనకు అలవాటైపోయింది. నువ్వు ఆ దారిన పోవద్దు. హీరోను కొట్టగలడనిపించేవాడిని తీసుకో. అలాంటివాడు తల వంచి ‘సరే సార్’ అన్నప్పుడే ఆ మాటకు విలువ.

ఆడిషన్‌లో ఇద్దరినీ విడివిడిగా పిలిచి డైలాగులు చెప్పించకు. కాంబినేషన్‌లోనే చూడు. నేను చేసే పద్ధతి ఒకటుంది. బరువైన చెక్కపెట్టె ఒకటి తెప్పించి, ఇద్దరినీ మేడ మెట్ల మీదుగా పైకి మోయమంటాను. వెనక్కి నడుస్తూ ఎక్కేవాడికి మెట్టు కనబడదు. కింద ఉన్నవాడు ‘ఇక్కడ మలుపు, ఆగండి’ అంటాడా, బరువు తన మీదకు లాక్కుంటాడా, లేక కెమెరా ఎక్కడుందో వెతుక్కుంటాడా? ఒక్క అంతస్తు చాలు, నీకు కావలసింది తెలిసిపోతుంది.

మిగిలిన సిపాయిల్ని కూడా పేరు పేరునా ఎంచు. హ్యాగ్‌మన్ గురి తప్పని వేటగాడు, హారిస్ పుస్తకాల పురుగు, కూపర్ లండన్ దొంగ, పెర్కిన్స్ అందరికంటే చిన్నవాడు. హ్యాగ్‌మన్‌గా వేసిన జాన్ టామ్స్ నిజజీవితంలో జానపద గాయకుడు. డొమినిక్ మల్డౌనీతో కలిసి ఆ చిత్రాలకు సంగీతం కూడా ఇచ్చాడు. మంట చుట్టూ కూర్చున్నప్పుడు అతను పాట అందుకుంటే, తక్కినవాళ్లు తుపాకులు తుడుచుకుంటూ వింటుంటారు. ఆ నాలుగు నిమిషాల్లో కథ ఒక్క అడుగు కూడా కదలదు. అయినా పెర్కిన్స్ చనిపోయినప్పుడు, వాటర్లూ యుద్ధంలో హ్యాగ్‌మన్, హారిస్ పడిపోయినప్పుడు మనకు గుండె పట్టేస్తుందంటే ఆ మంటల దగ్గర గడిపిన రాత్రుల వల్లే. నీ దళంలో ఒక్కరైనా అడగకుండానే పాడేవాళ్లు ఉండాలి. మన దగ్గర ఒగ్గుకథ, బుర్రకథ చెప్పే కుటుంబాల్లో నటించగల కుర్రాళ్లున్నారు, వెళ్లి చూడు.

సేనాధిపతులు మారినా ప్రేక్షకులు సర్దుకుంటారు. వెల్లెస్లీగా మొదట డేవిడ్ ట్రౌటన్ చేశాడు, తర్వాత హ్యూ ఫ్రేజర్ వచ్చాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. షార్ప్, హార్పర్‌ల జంట మాత్రం మారలేదు. 2006లో కథ భారతదేశానికి వచ్చి రాజస్థాన్‌లో తీసినప్పుడు కూడా బీన్ పక్కన ఓమాలీనే. ఇద్దరి ముఖాల్లోనూ వయసు తెలుస్తుంటుంది, మాటలు తగ్గిపోయి ఉంటాయి. ఆ చూపులు కొత్తవాళ్లతో రావు. అందుకే కాల్షీట్లు తీసుకునేటప్పుడు ఈ ఇద్దరివీ ముందే, ఎక్కువ రోజులకు కట్టేసుకో. నిర్మాత గొణిగితే నా నంబరు ఇవ్వు.

శిక్షణ గురించి ఒక్క మాట. గుర్రపు స్వారీకీ కత్తి సాముకీ అందరినీ ఒకేసారి పంపు, హీరోతో సహా. అతనికి విడిగా కారూ విడిగా భోజనమూ అంటే ఒప్పుకోకు. ఒకడు గుర్రం మీంచి జారితే మిగతావాళ్లు నవ్వాలి, తర్వాత వాళ్లే చెయ్యందించి లేపాలి. అది షూటింగ్ మొదలవక ముందే జరిగిపోవాలి.

హీరో పేరు ఖాయం చేయడం ఇప్పటికి ఆపు. ఈ ఆదివారం చెక్కపెట్టెతో కూర్చుందాం, నీ హార్పర్ కోసం ఎవరెవరిని పిలుస్తున్నావో శుక్రవారంలోగా చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య