80 ఎకరాల లీజులో చిన్న బక్‌లు: కొట్టాలా, వదిలేయాలా?

టెక్సస్‌లోని ఫాయెట్ కౌంటీలో మిత్రులతో కలిసి వేట కోసం 80 ఎకరాల లీజు తీసుకున్నామని, కెమెరాలో పడుతున్నవన్నీ చిన్న కొమ్ముల మగ దుప్పులే (బక్‌లే) అని, మేం వదిలేస్తే కంచె అవతలివాళ్ళు కొట్టేస్తారు కదా అని మీరు అడిగారు. పన్నెండేళ్ళ బాబుకి ఇదే మొదటి సీజన్ అని కూడా రాశారు. నేను పక్కనే లీ కౌంటీలో కొన్నేళ్ళుగా వేటకి వెళ్తున్నాను, మా లీజు కూడా చిన్నదే. సూటిగా చెప్తాను: ఏడాదిన్నర బక్‌లని వదిలేయండి, మాంసం కోసం ఆడ దుప్పిని కొట్టండి, బాబు విషయంలో మాత్రం ఈ లెక్కలేవీ పెట్టకండి.

మీ కౌంటీలో సగం నిర్ణయం చట్టమే చేసేసింది. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ కొమ్ముల నిబంధనని 2002లో ముందుగా పెట్టిన ఆరు కౌంటీల్లో మీదీ మాదీ ఉన్నాయి. అప్పట్లో ఈ ప్రాంతంలో వేటలో పడే బక్‌లలో చాలా భాగం ఏడాదిన్నరవే. మగదాన్ని కొట్టాలంటే రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలైనా ఉండాలి, లేదా కనీసం ఒక కొమ్మైనా చీలికలు లేకుండా ఒంటిగా ఉండాలి. ఆరో ఎనిమిదో పాయింట్లు (కొమ్ము కొసలు) ఉండి వెడల్పు చాలని దాన్ని ముట్టుకోకూడదు. టేపు పెట్టి కొలవలేం కాబట్టి చెవులు చూడాలి. దుప్పి చెవులు రిక్కించి మీవైపు చూసినప్పుడు ఒక చెవి కొస నుంచి రెండో చెవి కొసకి సుమారు 13 అంగుళాలు. కొమ్ముల లోపలి అంచు చెవుల కొసలు దాటి కనిపిస్తేనే చట్టబద్ధం. అది తల పక్కకి తిప్పి మేస్తున్నప్పుడు అంచనా వేయకండి, ఎదురుగా చూసేదాకా ఆగండి.

ఇక వయసు. కొమ్ములు చూసి వయసు చెప్పడం చాలామంది చేసే పని, నేనైతే నమ్మను. వయసు ఒంట్లో తెలుస్తుంది. ఏడాదిన్నర దానికి కాళ్ళు పొడుగ్గా, ఒంటికి సరిపోనట్టు ఉంటాయి. మెడ సన్నం, పొట్ట లోపలికి పోయి ఉంటుంది. చూడగానే ఆడ దుప్పికి కొమ్ములు పెట్టినట్టు ఉంటే అది ఏడాదిన్నరదే. మూడున్నర ఏళ్ళకి ఛాతీ దిగుతుంది కానీ నడుము ఇంకా సన్నగానే ఉంటుంది. అయిదు దాటినదాని మెడ, నవంబరులో జత కట్టే రోజుల్లో, మన ఊళ్ళ ఆబోతు మెడలా ఉబ్బి, ఎక్కడ ఆగిందో భుజం ఎక్కడ మొదలైందో తెలియదు. పొట్ట వేలాడుతుంది, కాళ్ళు పొట్టిగా అనిపిస్తాయి, వెనక కాళ్ళ లోపలి గ్రంథుల దగ్గర బొచ్చు నల్లగా తడిసిపోయి ఉంటుంది. ఒకసారి ఈ రెండిటినీ ఒకే ఫీడర్ (మేత పడే డబ్బా) దగ్గర పక్కపక్కన చూశాక మీకిక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏడాదిన్నరకి దుప్పి తన కొమ్ముల్లో చిన్న వంతే చూపిస్తుంది. పూర్తి సత్తా అయిదారేళ్ళకి గానీ రాదు. తిండి, పుట్టుక, వయసు మూడూ కలిస్తేనే మంచి కొమ్ములు. పుట్టుకని మనం మార్చలేం, తిండి కొంత మార్చగలం. ఖర్చు లేకుండా మనం ఇవ్వగలిగింది వయసొక్కటే.

పక్కవాళ్ళ సంగతి మాత్రం నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోను. ఒక బక్ తిరిగే నేల చాలాసార్లు చదరపు మైలు, అంటే 640 ఎకరాల దాకా ఉంటుంది. మీ 80 అందులో ఒక మూల. పైగా మగ పిల్లల్లో చాలా వాటికి ఏడాది, ఏడాదిన్నర వయసులో తల్లి తిరిగే చోటు వదిలి మైళ్ళ దూరం వెళ్ళిపోవడం సహజం. మీరు వదిలినది మళ్ళీ మీ బ్లైండ్ (దాక్కుని కూర్చునే గూడు) ముందుకే వస్తుందన్న హామీ లేదు. కానీ అదే లెక్కన ఎవరో వదిలినది మీ దగ్గరికి రావచ్చు. అందుకే తుపాకీ కన్నా ముందు ఫోన్ తీయండి. మేం చుట్టుపక్కల లీజుల వాళ్ళతో మాట్లాడుకుని, కెమెరా ఫొటోలు పంచుకుంటూ, ఏది వదలాలో ఒక మాట అనుకున్నాం. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళ వల్లే మూడున్నర, నాలుగున్నర ఏళ్ళ బక్‌లు ఇప్పుడు పగటిపూట కనిపిస్తున్నాయి.

"స్పైక్‌లు (చీలికలు లేని ఒంటి కొమ్ములవి) ఎలాగూ పనికిరావు, ఏరేయండి" అని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. చట్టం వాటిని కొట్టనిస్తుంది, కొడితే తప్పు లేదు. కానీ జాతి బాగుపడుతుందని కొట్టకండి. టెక్సస్ వన్యప్రాణి శాఖ వాళ్ళ కెర్ వైల్డ్‌లైఫ్ కేంద్రంలో కంచె లోపల పెంచిన దుప్పుల్లో స్పైక్‌లు వెనకబడిన మాట నిజం. అయితే దక్షిణ టెక్సస్‌లో బయట తిరిగే దుప్పులని పట్టి, గుర్తు వేసి, ఏళ్ళ తరబడి కొలిచిన పరిశోధకులు బెన్ కోయెర్త్, జేమ్స్ క్రోల్ 2008లో తేల్చింది వేరు: మొదటి కొమ్ములు చూసి పెద్దయ్యాక ఎలా ఉంటాయో చెప్పలేం, నాలుగున్నరకల్లా ఆ తేడా పోతుంది. ఆలస్యంగా పుట్టినా, కరువు ఏడాదైనా మొదటి కొమ్ములు పుల్లల్లానే వస్తాయి. నాకు ఈ రెండో మాటే మన నేలకి దగ్గరగా అనిపిస్తుంది.

నా సలహా తిరగబడే చోటు ఒకటుంది. దుప్పుల మెదడుని దెబ్బతీసి చంపే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ 2012లో టెక్సస్‌లో తొలిసారి బయటపడింది. ముదురు బక్‌లలో ఇది ఆడవాటికంటే, లేతవాటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మీ లీజు దగ్గర్లో ఆ వ్యాధి బయటపడితే బక్‌లని ముదరనివ్వాలన్న పట్టుదల వదిలేయండి, కొట్టిన ప్రతిదాన్నీ పరీక్షకి ఇవ్వండి. వ్యాధి ఉందని తేలితే ఆ మాంసం తినొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది.

మాంసమే కావాలంటే ఆడ దుప్పిని మించింది లేదు. జత కట్టే రోజుల్లో పడిన ముదురు బక్ మా ఇంట్లో కీమాకే పోతుంది, ఆడదాని తొడ ముక్క మాత్రం కూరకి కూడా మెత్తగా ఉడుకుతుంది. ఆడవాటిని ఏ రోజుల్లో కొట్టొచ్చో కౌంటీని బట్టి మారుతుంది, ఆ ఏడాది నిబంధనలు చూసుకోండి.

బాబు ఎదుట చట్టబద్ధమైన ఏ దుప్పి నిలబడినా, స్పైకైనా సరే, వాడి ఇష్టం. "ఇంకా చిన్నది, వదిలెయ్" అని చెవిలో చెప్పకండి. దూరం, అడ్డం తిరిగి నిలబడిందా, వెనక ఏముంది, ఈ మూడే చూడమనండి. పడ్డాక కింది దవడ తీసి దాని పళ్ళు వాడికి చూపించండి. బుగ్గ పళ్ళలో ముందు నుంచి మూడోది మూడు తలలుగా ఉంటే వయసు ఏడాదిన్నర, లేదా ఇంకా తక్కువ. దాని చోట రెండు తలల పన్ను తెల్లగా అప్పుడే పైకి వస్తుంటే అదీ ఏడాదిన్నరదే. అది అరిగి రంగు పట్టి ఉంటే రెండున్నర లేదా ఆపైన. దవడ కడిగి ఆరబెట్టి, తేదీ రాసి ఉంచండి. నాలుగైదు సీజన్ల దవడలు వరసగా పెడితే మీ నేల మీద ఏ వయసువి పడుతున్నాయో మీకే కనిపిస్తుంది, పక్క లీజువాళ్ళకి చూపించడానికి కూడా అంతకంటే మంచి ఆధారం ఉండదు.