సమాధానం: ఒకే టోకెన్ రెండు కొట్లలో చెల్లితే

సిగ్నల్ లేని సంతలో ఒకే టోకెన్ (ఫోన్‌లో ఉండే డిజిటల్ నోటు లాంటిది) రెండు కొట్లలో చెల్లిందని, రాత్రి బ్లాక్‌చైన్‌కి (అందరూ పంచుకునే లెక్కల చిట్టాకి) పంపితే రెండో కొట్టువారి డబ్బు పోయిందని రాశారు. ఆఫ్‌లైన్‌లో దీన్ని గణితం ఒక్కటే ఆపలేదండీ. మొదటి కొట్టు సంగతి రెండోదానికి తెలిసే దారే లేదు. చేసినవాణ్ణి పట్టించడం మాత్రం కుదురుతుంది. 1988లో గూఢలిపి శాస్త్రవేత్తలు ఛౌమ్, ఫియాట్, నావోర్ చూపించింది అదే.

సులువైన రూపంలో చెబుతాను. టోకెన్ తయారీలోనే వాడుకదారు రహస్య సంఖ్యను ఒక సరళరేఖలో దాచండి. కొట్టు తన ఐడీ, సమయం, ఒక యాదృచ్ఛిక సంఖ్య కలిపి హాష్ చేసి (వాటి నుంచి వేలిముద్ర లాంటి ఒక సంఖ్య తీసి) దాన్నే సవాలుగా పంపాలి. ఆ సవాలును బట్టి వాడుకదారు ఫోన్ ఆ రేఖ మీది ఒక బిందువును జవాబుగా ఇస్తుంది. టోకెన్‌లోని కమిట్‌మెంట్‌తో (రేఖను బయటపెట్టకుండా, తర్వాత మార్చలేకుండా ముందే కట్టేసిన విలువతో) అది సరిపోతుందో లేదో కొట్టు అక్కడే చూసుకోవాలి. ఒక్క బిందువు గుండా ఎన్ని గీతలైనా పోతాయి, కాబట్టి నిజాయితీపరుడి గుట్టు భద్రం. రెండు బిందువులు దొరికితే గీత తేలిపోతుంది, రహస్యమూ బయటపడుతుంది.

మీ కాంట్రాక్టు (చైన్ మీద నడిచే ప్రోగ్రాం) పొరపాటు ఇక్కడే ఉంది: టోకెన్ సీరియల్ నంబరు ముందే ఉందని చూసి రెండో జవాబును పారేస్తోంది. సవాలు కూడా అదే అయితే పారేయండి, అది అదే కొట్టు మళ్లీ పంపినది. సవాలు వేరైతే రెండు జవాబుల నుంచి రహస్యం లెక్కగట్టి, ఆ మోసం చేసిన వాడుకదారు ముందే కట్టిన డిపాజిట్ లోంచి రెండో కొట్టుకు చెల్లించండి.

అదే టోకెన్ ఇరవై కొట్లలో ఇస్తే డిపాజిట్ చాలదు. అందుకే విలువ చిన్నదిగా, గడువు దగ్గరగా పెట్టండి. 2022 జనవరిలో రిజర్వు బ్యాంకు కూడా ఒక్కో ఆఫ్‌లైన్ చెల్లింపుకు అప్పట్లో 200 రూపాయల పరిమితే పెట్టింది. టోకెన్లన్నీ ఒకే విలువలో ఉంచండి, లేదంటే మొత్తాన్ని బట్టే మనిషిని గుర్తుపట్టేస్తారు.