తలుపు తట్టితే వినపడే హెడ్‌ఫోన్స్ కొనుక్కో

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు. ఆగస్టులో ఎంఎస్ చదవడానికి చికాగో వెళ్తున్నాను. నలుగురం కలిసి ఒక ఇంట్లో ఉండబోతున్నాం. చెవుల మీద ఆనుకుని ఉండే రకం హెడ్‌ఫోన్స్, 60 డాలర్ల లోపు, గంటలకొద్దీ పెట్టుకున్నా నొప్పి పుట్టనివి ఏవైనా చెప్పండి. ఇక్కడే కొనుక్కోవాలా, అక్కడికెళ్ళాకా? నాకు కళ్ళజోడుంది. బయటి గోల మాత్రం అస్సలు వినపడకూడదు.

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్నలో చివరి వాక్యం కొట్టేసి మిగతాదానికి జవాబు చెప్తాను. ఎందుకు కొట్టేశానో తెలియాలంటే నా కథ వినాలి. నీ వయసువాళ్ళు రెండు లైన్లు చదివి మోడల్ పేరు ఎక్కడుందా అని వెతుక్కుంటారని నాకు తెలుసు. పేర్లున్నాయి, కింద వస్తాయి, తొందరపడకు.

నేను చికాగోలో దిగింది 2011 ఆగస్టులో. అప్పుడు డాలరు నలభై అయిదు రూపాయల చిల్లర. మా ఇల్లు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి రెండు వీధుల అవతల. ఇంకా చీకటుండగానే గుడి మైకు, ఆ వెంటనే పాలవాడి సైకిల్ బెల్లు, రైలు దిగి వచ్చే యాత్రికుల గోవిందలు, వాళ్ళను ఎక్కించుకోవడానికి ఆటోవాళ్ళ అరుపులు. నాన్న ఘాట్ రోడ్డు బస్సులో కండక్టరు, ఇంట్లో కూడా బస్సులో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. పరీక్షల ముందు అమ్మ టీవీ ఆపిన ఆ నాలుగు రోజులు తప్ప నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలీదు. అందుకని అమెరికాలో మొదటి నెలలోనే నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, చెవులను పూర్తిగా మూసేసే, బయటి శబ్దాన్ని మింగేసే పెద్ద హెడ్‌ఫోన్స్ కొనడం. 300 డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే 13,500. నాన్నకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

అవి పెట్టుకుంటే స్వర్గం. ఆ మాట ఒప్పుకోవాలి. వాటిలో ఉండే చిన్న మైకులు బయటి శబ్దాన్ని విని, దానికి సరిగ్గా ఎదురు శబ్దాన్ని పుట్టించి రెంటినీ కొట్టేస్తాయి. విమానం హోరు, హీటర్ మోత లాంటి ఒకే తీరుగా సాగే చప్పుళ్ళ మీద ఇది బాగా పనిచేస్తుంది. మనిషి గొంతును అంతగా ఆపలేదు. కానీ చెవి చుట్టూ మూత, లోపల పాట, గది తలుపు వేసి ఉంది. ఇక వినపడేదేముంది?

మేం నలుగురం. ఒకడిది వరంగల్, ఒకడిది గుంటూరు, ఒకడిది నెల్లూరు. మొదట్లో రాత్రి కలిసే తినేవాళ్ళం. అక్టోబరుకి ఎవరి క్లాసులు వాళ్ళవి, ఎవరి పార్ట్ టైమ్ వాళ్ళది. డిసెంబరులో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు మంచినీళ్ళకని గదిలోంచి బయటికొచ్చాను. హాల్లో ఎవరూ లేరు. సింకులో మూడు కంచాలు. పొయ్యి మీద టమాటా పప్పు గిన్నె, అడుగున రెండు గరిటెలు మిగిల్చి, మీద మూత పెట్టి ఉంది. మూడు కంచాలు చూశాను గానీ ఆ రెండు గరిటెల పప్పు ఎవరికోసం మిగిల్చారో నా బుర్రకు తట్టలేదు. నన్ను వదిలేసి తిన్నారని రోషం వచ్చింది. బ్రెడ్డు కాల్చుకుని తిని పడుకున్నాను. ఆ తర్వాత మూడు నెలలు వండుకోవడం కూడా విడిగానే. చలి, మంచు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆ చలికాలం నేను తెలుగులో మాట్లాడిన మాటల్లో సగం ఫోన్ కార్డు మీద అమ్మతో మాట్లాడినవే.

మార్చిలో బట్టలు ఉతుక్కోవడానికి కిందికెళ్తే అక్కడ నెల్లూరువాడు కలిశాడు. మెషిన్ తిరిగినంతసేపూ ఇద్దరం ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చింది. వాడే అన్నాడు: "ఎన్నిసార్లు తలుపు కొట్టినాం రా, నువ్వు పలకవు. చదువుకుంటున్నావేమోలే, డిస్టర్బ్ చేయొద్దు అనుకున్నాం." వాళ్ళు కొట్టిన తలుపు నాకు వినపడలేదు. వాళ్ళు పిలవలేదని నేను, నేను పలకలేదని వాళ్ళు. నాలుగైదుసార్లు పలక్కపోతే ఎవరైనా పిలవడం మానేస్తారు, తప్పు పట్టలేం.

ఆ వారమే ఆ పెద్ద హెడ్‌ఫోన్స్‌ను సగం ధరకు అమ్మేశాను.

తర్వాత చేసింది ఇంకో రకం తెలివితక్కువ పని. చేతులు కాలాయి కదా, ఈసారి పది డాలర్లవి తెచ్చాను. చెవుల మీద ఆనేవే, నువ్వు అడిగిన రకమే. పట్టు మాత్రం పటకారు పట్టు. మూడు వారాలకు కణతల దగ్గర తలనొప్పి మొదలైంది. కళ్ళజోడు పవర్ పెరిగిందేమోనని భయపడి కంటి పరీక్షకు వెళ్ళాను. స్టూడెంట్ ఇన్సూరెన్సులో కళ్ళకు వర్తించదట, సొంతంగా 80 డాలర్లు కట్టాను. ఆ డాక్టరమ్మ పవర్ చూసింది, మారలేదు. కళ్ళజోడు తీసి చెవి వెనక్కి చూసి, "చెవుల మీద ఏం పెట్టుకుంటావు?" అని అడిగింది. కళ్ళజోడు కాడ ఆనేచోట ఎర్రగా గాడి పడి ఉంది. పది డాలర్ల హెడ్‌ఫోన్స్ చివరికి తొంభైకి తేలాయి.

ఇక నీకు పనికొచ్చే సంగతి. చెవి చుట్టూ కూర్చునే పెద్దరకం హెడ్‌ఫోన్స్ బరువును తల, దవడ పంచుకుంటాయి. చెవి మీద ఆనే రకంలో ఒత్తిడంతా చెవి డిప్ప మీదే పడుతుంది. ఆ డిప్పకూ తలకూ మధ్య కళ్ళజోడు కాడ ఉంటుంది. పైనుంచి నొక్కితే నలిగేది మధ్యలో ఉన్న చర్మమే. అందుకని నువ్వు ముందు చూడాల్సింది పాట ఎలా వినపడుతోందని కాదు, పట్టు ఎంత గట్టిగా ఉందని. తర్వాత బరువు, ఆ తర్వాత మెత్త. చెవి వంపును బట్టి మెత్తలు అటూ ఇటూ తిరిగేలా ఉంటే ఒత్తిడి ఒకేచోట పడదు. తోలులాంటి మెత్తలు చూడ్డానికి బాగుంటాయి గానీ చెమటకు, మన తలనూనెకు రెండేళ్ళలో పొట్టు రాలిపోతాయి. స్పాంజి మెత్తలు చవక, పాడైతే మార్చుకోవచ్చు.

నేను చివరికి తగులుకుంది కాస్ కంపెనీ పోర్టా ప్రో. ఆ డిజైన్ 1984 నాటిది, నీ కంటే చాలా పెద్దది, ఇప్పటికీ దాదాపు అదే ఆకారంలో అమ్ముతున్నారు. కంపెనీది మిల్వాకీ, నువ్వు ఉండబోయే ఊరికి ఉత్తరాన గంటన్నర దారి. ధర 50 డాలర్లు అటూ ఇటూ. చేతిలోకి తీసుకుంటే బొమ్మ వస్తువులా తేలిగ్గా ఉంటుంది, ఇదేం ఆనుతుంది అనిపిస్తుంది. చెవికి పైన ఒక చిన్న మీట ఉంది, అది జరిపితే ఒత్తిడిలో కొంత చెవి మీది నుంచి కణతల మీదికి మారుతుంది. కళ్ళజోడువాళ్ళకు ఆ మీట ఒక్కటి చాలు. నా జతకు ఇప్పటిదాకా నాలుగుసార్లు స్పాంజిలు మార్చాను, మిగతాదంతా మొదటిదే.

లోపాలు లేకపోలేదు. తల మీది రేకు సైజు మార్చేటప్పుడు వెంట్రుకలు పట్టుకుని లాగుతుంది. మామూలు రకానికి వైరు ఉంటుంది, నీ ఫోనుకు ఆ గుండ్రటి రంధ్రం లేకపోతే చిన్న అడాప్టరు కొనాలి. వైరు లేని మోడల్ కూడా ఉంది గానీ ధర నీ బడ్జెట్ దాటుతుంది. పెద్ద లోపం, వెనక తెరిచి ఉంటుంది కాబట్టి లోపలి పాట బయటికి పోతుంది. లైబ్రరీలో ఒకసారి అన్నమయ్య కీర్తన పెట్టుకుని కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాను. కళ్ళు తెరిచేసరికి ఎదురు బల్ల మీది చైనా అమ్మాయి కూడా నాతోపాటే తాళం వేస్తోంది. సిగ్గుపడి ఆపేశాను. ఆ అమ్మాయితో తర్వాత రెండేళ్ళు ప్రాజెక్టులు కలిసి చేశాం, అది వేరే కథ.

వైరు వద్దంటే సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్520 చూడు. 147 గ్రాములు, ఒకసారి చార్జి చేస్తే 50 గంటలని కంపెనీ మాట. 2023లో వచ్చినప్పుడు ధర 60 డాలర్లు, సేల్‌లో తగ్గుతుంది. శబ్దాన్ని మింగే తంతు అందులో లేదు, నా లెక్కన అదే దాని గొప్ప. జేబీఎల్ ట్యూన్ 520బీటీ కూడా ఇదే తరహా. రెండూ చెవిని మూస్తాయి కాబట్టి జూలై ఎండల్లో చెవులు ఉడికిపోతాయి. చిత్తూరు ఎండ చూసినవాడివి, తట్టుకుంటావులే. ధర చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకో: అక్కడ అట్ట మీద రాసిన ధరకు పన్ను కలపరు, బిల్లు దగ్గర కలుపుతారు. చికాగోలో అది పది శాతం పైచిలుకు.

బ్లూటూత్‌లో ఇంకో తిరకాసు ఉంది, మా ఇంట్లో పెద్ద టెన్షన్ పెట్టింది. పాటలు వినేటప్పుడు శబ్దం ఒకవైపే వస్తుంది. ఫోన్ మాట్లాడేటప్పుడు మైకు కూడా పనిచేయాలి, ఉన్న దారిలోనే రాకపోకలు రెండూ జరగాలి. అందుకని బ్లూటూత్ శబ్దం నాణ్యత తగ్గించేస్తుంది. మొదటిసారి వైరు లేనివి పెట్టుకుని అమ్మకు ఫోన్ చేశాను. "ఏం నాయనా, గొంతు బావిలోంచి వస్తా ఉంది, ఒళ్ళు బాగలేదా?" అంది. బాగానే ఉన్నానమ్మా అన్నాను, అదీ బావిలోంచే వినపడింది. నేను దాస్తున్నానని నిర్ధారణ చేసేసుకుంది. మర్నాడు మోకాళ్ళ నొప్పులతో అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి ఎక్కి నా ఆరోగ్యానికి మొక్కు చెల్లించి వచ్చింది. అసలు సంగతి తెలిశాక కూడా, "మొక్కు మొక్కేలే, పోదు" అంది. నువ్వు ఇంటికి చేసేటప్పుడు ఫోన్ మైకే వాడు, లేదా మైకున్న వైరు పెట్టుకో.

ఆ ఫోన్ల లెక్క కూడా వేసుకో. చికాగోకీ మనకీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, ఎండాకాలంలో పదిన్నర. చలికాలంలో నీకు రాత్రి తొమ్మిదైతే మీ అమ్మకు మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. మాకు ఫోన్ కార్డులుండేవి, నిమిషాలు లెక్కపెట్టి మాట్లాడేవాళ్ళం, అందుకే మిగతా సమయమంతా పక్కవాడితో మాట్లాడక తప్పేది కాదు. మీకు వాట్సాప్ ఉంది, రోజంతా చెవిలో చిత్తూరే మోగుతుంటుంది. నాకు భయం అక్కడే. మొన్నొక కుర్రాడిని చూశాను, ఆరు నెలలుగా ఒకే ఇంట్లో ఉంటున్న రూమ్మేట్ ఇంటిపేరు తెలీదు, మదనపల్లెలో టమాటా ధర మాత్రం తెలుసు.

ఇక్కడ కొనాలా అక్కడా అన్నావు. అక్కడే కొను. పెట్టుకుని చూసి నచ్చకపోతే వెనక్కి తీసుకోవడం అక్కడి షాపుల్లో మామూలే, కొన్నిచోట్ల 15 రోజులు, కొన్నిచోట్ల 30. గడువు ఆ షాపు వెబ్‌సైటులో చూసుకో, అట్టపెట్టె పారేయకు. వారంటీ సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది. కానీ పెట్టుకుని చూడ్డం మాత్రం ఇక్కడే చెయ్యి. తిరుపతిలోనో చిత్తూరులోనో పెద్ద షాపుకి కళ్ళజోడుతో వెళ్ళి, ఇరవై నిమిషాలు పెట్టుకుని నిలబడు. రెండు నిమిషాల్లో అన్నీ సుఖంగానే ఉంటాయి, అసలు రంగు పావుగంట తర్వాతే బయటపడుతుంది. షాపు అబ్బాయి చిరాకుగా చూస్తాడు, చూడనీ. తర్వాత తీసేసి చెవిని తాకి చూసుకో, వేడెక్కి ఉంటే అది నీది కాదు. మీ క్లాసులో అమ్మాయిలెవరైనా అడిగితే కమ్మలు పెట్టుకునే చూడమని చెప్పు. మా ఆవిడ వాటిని తీసేసి ట్రై చేసి కొంది, ఇంటికొచ్చి పెట్టుకుంటే కమ్మ వెనక మర గుచ్చుకుని ఆ రాత్రే వాపసు పెట్టె కట్టింది.

చెవుల ఆరోగ్యం సంగతి ఒక్క ముక్కలో: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా ఫరవాలేదు, అంతకంటే పెంచితే గంటలు తగ్గించాలి. స్పాంజి రకం పెట్టుకుని రైల్లో వెళ్తే చప్పుడుకు పోటీగా సౌండ్ పెంచాలనిపిస్తుంది. పెంచకు. రైల్లో తీసి మెడలో వేసుకో, పక్కన ఎవరున్నారో చూడు. తెలుగువాళ్ళు దొరికినా దొరకొచ్చు.

నేను ఈ నెలాఖరు దాకా తిరుపతిలోనే ఉన్నాను. పోర్టా ప్రో నా సంచీలోనే ఉంది, సోనీది మా ఆవిడ దగ్గరుంది. రెండూ పెట్టుకుని చూద్దువు గాని, ఒక ఆదివారం బస్సెక్కి రా. మధ్యాహ్నమైతే సంగటి ముద్ద తిని వెళ్ళొచ్చు, అమ్మకు అక్కడికెళ్ళే పిల్లలంటే జాలి. కాలింగ్ బెల్ పాడైంది, తలుపు కొట్టు. కళ్ళజోడు మాత్రం మర్చిపోవద్దు.